గుండెకు లయ నేర్పే జన్యువులు

1994 ఆగస్టు 3న ఢిల్లీలోని ఎయిమ్స్‌లో ఒక గొప్ప శస్త్రచికిత్స జరిగింది. మన దేశంలో విజయవంతమైన మొదటి గుండె మార్పిడి అదే. ఆ వైద్యబృందానికి నాయకత్వం వహించినవారు డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్. ఆయన మన రాజమండ్రిలో పుట్టిన తెలుగువారు. వసంత్ కుంజ్ నుంచి మెహ్రౌలీ మీదుగా అరవిందో మార్గ్ పట్టుకుని ఉత్తరంగా వెళితే ఆ ఆసుపత్రి కనిపిస్తుంది. మనలో చాలామందిమి ఎప్పుడో ఒకప్పుడు దాని ముందు నుంచి వెళ్ళినవాళ్ళమే.

విద్యార్థులారా! గుండె మార్పిడిలో ఒక విచిత్రం ఉంది. దాత శరీరం నుంచి గుండెను తీసేటప్పుడు దానికి వచ్చే నాడులన్నీ తెగిపోతాయి. పొటాషియం కలిపిన చల్లని ద్రావణం ఎక్కించి ఆ గుండెను నిలిపివేస్తారు. ఆ తరువాత దాన్ని మరొకరి ఛాతీలో అమర్చి, పెద్ద రక్తనాళాలను, కర్ణికల గోడలను కుడతారు. నాడులను మాత్రం ఎవరూ కుట్టరు. వెచ్చని రక్తం మళ్ళీ పారడం మొదలయ్యాక ఆ గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది. కొన్నిసార్లు చిన్న విద్యుత్ ఘాతం ఇవ్వవలసి వస్తుంది, అంతే.

మెదడు నుంచి ఒక్క నాడి కూడా కలపని ఆ గుండెకు "కొట్టుకో" అని చెప్పింది ఎవరు? ఆ విద్య దానికి ఎప్పుడు, ఎలా అబ్బింది? ఈ పాఠంలో మనం తెలుసుకోబోయేది ఇదే. పదో తరగతిలో, పదకొండో తరగతిలో మీరు చదివే గుండె పాఠానికి ఇది కొనసాగింపు అనుకోండి.

నాడి కాదు, కండరమే

భయం వేస్తే గుండె దడదడలాడింది అంటాం. చెడ్డవార్త వింటే గుండె గుభేలుమంది అంటాం. ఇవి ఉత్త మాటలు కావు. మెదడు నుంచి వచ్చే నాడులు గుండె వేగాన్ని నిజంగానే మారుస్తాయి. వేగస్ నాడి నెమ్మదింపజేస్తుంది, సహానుభూత నాడులు తొందరపెడతాయి. కానీ వేగాన్ని మార్చడం వేరు, కొట్టుకునేలా చేయడం వేరు. మార్పిడి చేసిన గుండెకు వేగస్ నాడి కళ్ళెం ఉండదు. అందుకే ఆ రోగులు తీరుబడిగా కూర్చున్నప్పుడు కూడా వారి గుండె మామూలు వారి కన్నా కొంచెం వేగంగా కొట్టుకుంటుంది.

అసలు ఆజ్ఞ పుట్టే చోటు గుండెలోనే ఉంది. కుడి కర్ణిక పైభాగంలో, ఊర్ధ్వ మహాసిర వచ్చి కలిసే చోట ఒక చిన్న కణజాలపు ముద్ద ఉంటుంది. దాని పేరు సిరాకర్ణికా కణుపు. దీన్నే లయారంభకం అంటారు. నిమిషానికి 72 సార్లు చొప్పున లెక్కవేస్తే రోజుకు 1,03,680 సార్లు అక్కడ ఒక విద్యుత్ తరంగం పుడుతుంది. అది కర్ణికలంతటా పాకి, కర్ణికాజఠరికా కణుపు దగ్గరకు చేరుతుంది.

అక్కడ ఆ తరంగం నెమ్మదిస్తుంది. సెకనులో దాదాపు పదో వంతు సేపు ఆలస్యం జరుగుతుంది. ఈ ఆలస్యం లోపం కాదు, ఎంతో అవసరం. కర్ణికల్లోని రక్తం పూర్తిగా జఠరికల్లోకి దిగడానికి ఆ వ్యవధి కావాలి. రైలు పూర్తిగా వెళ్ళేదాకా గేటు ఎత్తకుండా ఆపి ఉంచడం లాంటిది ఇది. ఆ తరువాత తరంగం హిస్ కట్ట గుండా దిగి, పుర్కింజే తంతువుల ద్వారా జఠరికల గోడలంతటా వ్యాపిస్తుంది. కర్ణికాజఠరికా కణుపులో తరంగ వేగం సెకనుకు సుమారు 5 సెంటీమీటర్లు మాత్రమే. పుర్కింజే తంతువుల్లో అది సెకనుకు 2 నుంచి 4 మీటర్లు. అంటే ఒకే గుండెలో నత్తనడకా ఉంది, గుర్రపు పరుగూ ఉంది.

ఈ దారిని కనుక్కోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. పుర్కింజే తన పేరిట ఉన్న తంతువులను 1839లో వర్ణించాడు. హిస్ 1893లో కట్టను చూపించాడు. జపాను నుంచి జర్మనీకి చదువుకోవడానికి వెళ్ళిన సునావొ తవారా 1906లో కర్ణికాజఠరికా కణుపును వివరించాడు. చివరికి దొరికింది దారి మొదలయ్యే చోటు. 1907లో ఇంగ్లండులో ఆర్థర్ కీత్ దగ్గర పనిచేస్తున్న మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి, కీత్ దంపతులు సైకిలు మీద షికారుకు వెళ్ళిన సమయంలో, ఒక చుంచులాంటి జంతువు గుండెను సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తూ ఆ కణుపును గుర్తించాడు. అప్పటికి అతను ఇంకా విద్యార్థే అన్న సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఈ కణుపులు, కట్టలు, తంతువులు నాడులు కావు. ఇవి రూపం మార్చుకున్న గుండె కండర కణాలే. ఒకే తల్లి బిడ్డల్లో కొందరు బరువులు మోసే పని చేపట్టారు, మరికొందరు కబురు మోసే పని చేపట్టారు. ఆ పంపకం చేసినవి జన్యువులు.

పిండంలో మొదటి స్పందన

మన శరీరంలో అన్నిటికన్నా ముందు పని మొదలుపెట్టే అవయవం గుండె. ఫలదీకరణం జరిగిన మూడో వారంలో పిండంలో నెలవంక ఆకారంలో ఒక కణాల సమూహం ఏర్పడుతుంది. అది ముడుచుకుని ఒక గొట్టమవుతుంది. దాదాపు 22వ రోజున ఆ గొట్టం కొట్టుకోవడం మొదలవుతుంది. చాలామంది తల్లులకు అప్పటికి తాము గర్భవతులమన్న సంగతి కూడా తెలియదు. తరువాత ఆ గొట్టం కుడివైపుకు వంపు తిరుగుతుంది, అక్కడక్కడ ఉబ్బుతుంది, లోపల గోడలు లేస్తాయి. ఎనిమిదో వారానికల్లా నాలుగు గదుల గుండె రూపుదిద్దుకుంటుంది.

గుండె అంతా ఒకే కణాల గుంపు నుంచి రాదు. మొదటి గుంపు ప్రధానంగా ఎడమ జఠరికను ఇస్తుంది. కొంచెం ఆలస్యంగా వచ్చి చేరే రెండో గుంపు కుడి జఠరికను, రక్తం బయటికి వెళ్ళే మార్గాన్ని ఇస్తుంది. ఈ రాకపోకల్లో ఎక్కడ తేడా వచ్చినా గుండె నిర్మాణంలో లోపం మిగులుతుంది. ప్రపంచంలో పుట్టే ప్రతి వెయ్యిమంది శిశువుల్లో సుమారు 8 నుంచి 9 మందికి పుట్టుకతో ఏదో ఒక గుండె లోపం ఉంటుంది.

జన్యువులను తెరిచే తాళంచెవులు

మన ప్రతి కణంలోనూ ప్రోటీనుల తయారీకి సూచనలిచ్చే జన్యువులు దాదాపు 20 వేలు ఉంటాయి. చర్మ కణంలోనూ అవే, గుండె కణంలోనూ అవే. మరి తేడా ఎక్కడుంది? ఏ జన్యువు తెరుచుకుంది, ఏది మూసుకుంది అన్నదే తేడా. జన్యువులను తెరిచే, మూసే ప్రోటీనులు కొన్ని ఉన్నాయి. వాటిని అనులేఖన కారకాలు అంటారు. అవి డి.ఎన్.ఎ. మీద తమకు తగిన చోట కూర్చుని, "ఈ జన్యువును చదవండి", "దీన్ని చదవకండి" అని చెబుతాయి. ఇలాంటి కారకాలను తయారుచేసేవి కూడా జన్యువులే.

గుండె విషయంలో మొదటి తాళంచెవి ఒక ఈగలో దొరికింది. అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలను మీరు చూసే ఉంటారు. జన్యుశాస్త్రవేత్తలకు అవి ప్రాణస్నేహితులు. ఆ ఈగలో ఒక జన్యువు పాడైతే దానికి గుండె అనేదే ఏర్పడదని రోల్ఫ్ బాడ్మర్ 1993లో చూపించాడు. ఆ జన్యువుకు పెట్టిన పేరు టిన్‌మ్యాన్. ఒక ప్రసిద్ధ పిల్లల కథలో గుండె లేని రేకు మనిషి పేరు అది.

అదే వంశానికి చెందిన జన్యువు మనలోనూ ఉంది. దాని పేరు ఎన్‌.కె.ఎక్స్. 2-5. ఇది పాడైన కుటుంబాలను 1998లో అమెరికా శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ కుటుంబాల్లో తరతరాలుగా పిల్లలు రెండు కర్ణికల మధ్య గోడలో రంధ్రంతో పుడుతున్నారు. దానితోపాటు కర్ణికాజఠరికా కణుపు దగ్గర విద్యుత్ తరంగం ఆగిపోతోంది. రంధ్రాన్ని శస్త్రచికిత్సతో మూసేసినా, తరంగానికి వచ్చిన అడ్డు ఏళ్ళు గడిచేకొద్దీ ముదిరేది. అలాంటివారికి పేస్‌మేకర్ అమర్చవలసి వచ్చేది. గోడ కట్టడానికీ, కబురు మోసే దారి వేయడానికీ ఒకే జన్యువు కావాలని దీనితో తేలింది.

తాళంచెవి ఒక్కటే ఉండదు. టి.బి.ఎక్స్. 5 అనే జన్యువు పాడైతే హోల్ట్-ఓరం సిండ్రోమ్ వస్తుందని 1997లో తెలిసింది. ఈ జబ్బులో గుండె గోడకు రంధ్రంతోపాటు బొటనవేలు, ముంజేయి ఎముకల్లో లోపం ఉంటుంది. పిండంలో చేతినీ గుండెనూ తీర్చే పనిలో ఒకే జన్యువు పాలుపంచుకుంటుందన్నమాట. బిడ్డ బొటనవేలిలో తేడా చూసిన అనుభవజ్ఞుడైన వైద్యుడు వెంటనే గుండెను కూడా పరీక్షించేది ఇందుకే. మూడోది గాటా 4. దీనిలోని మార్పు మనుషుల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాలకు కారణమని 2003లో విదు గర్గ్, దీపక్ శ్రీవాస్తవ బృందం నిరూపించింది. ఎన్‌.కె.ఎక్స్. 2-5, టి.బి.ఎక్స్. 5, గాటా 4 ప్రోటీనులు ఒకదానినొకటి పట్టుకుని పనిచేస్తాయి. మూడు చెవులూ కలిసి తిరిగితేనే తలుపు తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. ప్రతి జన్యువుకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున మనకు రెండు ప్రతులు ఉంటాయి కదా! ఒకటి పాడైతే రెండోది సరిపోదా? చాలా జన్యువుల విషయంలో సరిపోతుంది. అనులేఖన కారకాల విషయంలో తరచు సరిపోదు. ఎందుకంటే ఇక్కడ మోతాదు ముఖ్యం. సగం మోతాదుతో కొన్ని తలుపులు అరకొరగానే తెరుచుకుంటాయి. అందుకే ఈ జబ్బులు బహిర్గత లక్షణాలుగా, తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా బిడ్డలో కనిపిస్తాయి.

ఎదగకపోవడమూ ఒక విద్యే

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పిండంలోని తొలి గుండె గొట్టంలో కణాలన్నీ ఒకేలా ఉంటాయి. అన్నీ తమంతట తాము కొట్టుకోగలవు, అన్నీ కబురును నెమ్మదిగా మోస్తాయి. గదులు ఉబ్బే చోట్ల పైన చెప్పిన మూడు కారకాలు కొత్త జన్యువులను తెరుస్తాయి. ఆ కణాల్లో సంకోచించే ప్రోటీనులు దట్టంగా పేరుకుంటాయి. పక్కపక్క కణాల మధ్య కనెక్సిన్ అనే ప్రోటీనుతో సన్నని దారులు ఏర్పడతాయి. సోడియం అయాన్లు ఒక్కసారిగా దూసుకువచ్చే ద్వారాలు ఏర్పడతాయి. దానితో ఆ కణాలు బలమైనవీ, వేగమైనవీ అవుతాయి. అయితే తమంతట తాము కొట్టుకునే గుణాన్ని వదులుకుంటాయి.

కొన్ని చోట్ల మాత్రం ఈ మార్పు జరగదు. అక్కడ టి.బి.ఎక్స్. 3 అనే మరో కారకం కాపలా కాస్తుంది. గదుల కండరానికి కావలసిన జన్యువులను అది తెరవనివ్వదు. ఆ కణాలు చిన్నవిగా, నెమ్మదిగా, పాత పద్ధతిలోనే మిగిలిపోతాయి. ఆ మిగిలిపోయిన కణాలే మన సిరాకర్ణికా కణుపు, కర్ణికాజఠరికా కణుపు! ఎలుకల్లో శాస్త్రవేత్తలు టి.బి.ఎక్స్. 3 జన్యువును కర్ణిక కండరంలో బలవంతంగా పనిచేయిస్తే, అక్కడ కూడా లయ పుట్టించే కణాలు తయారయ్యాయి. బలం తెచ్చుకోని కణాలే బలవంతులందరినీ నడిపిస్తున్నాయి. ఇందులో ఎంత అర్థం ఉందో ఆలోచించండి.

సిరాకర్ణికా కణుపు కుడివైపునే ఎందుకు ఉంది? ఎడమవైపు పిట్‌ఎక్స్ 2 అనే కారకం దాన్ని ఏర్పడనివ్వదు. ఆ కారకం లేని ఎలుక పిండాల్లో రెండు వైపులా కణుపులు వస్తాయి. మనుషుల్లో ఈ జన్యువుకు దగ్గరలో ఉండే కొన్ని డి.ఎన్.ఎ. తేడాలకూ, కర్ణికలు లయ తప్పి అదిరే జబ్బుకూ సంబంధం ఉందని 2007లో బయటపడింది. పిండదశలో వేసిన ముడి అరవై ఏళ్ళ వయసులో వదులవుతుందన్నమాట.

ఇక కణుపు కణాల్లో గడియారం ఎలా నడుస్తుంది? మామూలు కండర కణం ఒకసారి సంకోచించాక మళ్ళీ కబురు వచ్చేదాకా ఊరుకుంటుంది. కణుపు కణానికి ఊరుకోవడం తెలియదు. దాని పొరలో హెచ్.సి.ఎన్. 4 అనే ద్వారాలు ఉంటాయి. ఒక స్పందన ముగియగానే అవి తెరుచుకుని సోడియం అయాన్లను కొద్దికొద్దిగా లోపలికి రానిస్తాయి. కుండలో నీటిచుక్కలు పడుతూ పడుతూ అంచుదాకా నిండి పొర్లినట్టు, కణంలోని విద్యుత్ పీడనం ఒక హద్దు దాటగానే కొత్త తరంగం పుడుతుంది. మిగతా ద్వారాలకు భిన్నంగా ఈ ప్రవాహం తలకిందుల పద్ధతిలో మొదలవడం చూసి, 1979లో దాన్ని వర్ణించిన శాస్త్రవేత్తలు దానికి తమాషా ప్రవాహం అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. ఆ పేరు ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. హెచ్.సి.ఎన్. 4 జన్యువు పాడైన కుటుంబాల్లో గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటుంది.

హైదరాబాదులో దొరికిన 25 అక్షరాలు

ఇంతవరకు గుండెను కట్టే జన్యువులను చూశాం. కట్టిన గుండె కలకాలం నిలవాలంటే ఇటుకలు కూడా గట్టిగా ఉండాలి కదా! గుండె కండరంలో ఆక్టిన్, మయోసిన్ పోగులు ఒకదానిపై ఒకటి జారడం వల్ల సంకోచం కలుగుతుంది. మయోసిన్ పోగులను సరైన కట్టుబాటులో ఉంచే ఒక ప్రోటీను ఉంది. దాన్ని తయారుచేసే జన్యువు ఎం.వై.బి.పి.సి. 3. అది 11వ క్రోమోజోము మీద ఉంటుంది.

2009లో నేచర్ జెనెటిక్స్ అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. దానికి కేంద్రం మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి., అంటే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం. కుమారసామి తంగరాజ్ నాయకత్వంలో జరిగిన ఆ పనిలో మదురైకి చెందిన పెరుందురై దండపాణి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రతిభ నల్లారి వంటి ఎందరో పాల్గొన్నారు. భారత ఉపఖండపు ప్రజల్లో కొందరికి ఈ జన్యువులో 25 అక్షరాలు లోపించాయని, అలాంటివారికి గుండె కండర జబ్బు, గుండె వైఫల్యం వచ్చే అవకాశం మిగతావారి కన్నా సుమారు 7 రెట్లు ఎక్కువని వారు తేల్చారు.

డి.ఎన్.ఎ. భాషలో అక్షరాలు నాలుగే అని మీకు తెలుసు. ఆ 25 అక్షరాలు పోయింది ప్రోటీనుకు సూచనలిచ్చే భాగంలో కాదు, సూచనల మధ్య ఉండే ఖాళీ భాగంలో. మరి నష్టం ఎలా జరిగింది? ఖాళీ భాగాలను కత్తిరించి, సూచనలను ఒకచోట అతికించే సమయంలో కణానికి కొన్ని గుర్తులు కావాలి. గుర్తు చెరిగిపోవడంతో కత్తెర తప్పిపోయి పక్కనున్న సూచన కూడా ఊడిపోతుంది. ప్రోటీను చివరి భాగం వేరుగా తయారవుతుంది. కండరపు పోగుల అమరిక చెదురుతుంది. వాక్యంలో ఒక విరామ చిహ్నం తప్పితే అర్థం మారిపోవడం మీరు తెలుగు తరగతిలో చూసిందే.

ఈ మార్పు ఉన్నవారు మన జనాభాలో దాదాపు నూటికి నలుగురు. నలభైమంది ఉన్న తరగతి గదిలో సగటున ఒకరో ఇద్దరో ఉంటారు. సుమారు 33 వేల ఏళ్ళ క్రితం ఇది పుట్టిందని అంచనా. ఇంత హాని చేసే మార్పు ఇన్నివేల ఏళ్ళు ఎలా మిగిలింది? దీని ప్రభావం ఎక్కువగా నడివయసు తరువాత కనిపిస్తుంది. అప్పటికే పిల్లలు పుట్టి, వారికి ఈ మార్పు అంది ఉంటుంది. ప్రకృతి వరణానికి దాన్ని ఏరివేసే అవకాశం దొరకలేదు.

ఇది చదివి ఎవరూ గుండె జారవిడుచుకోవద్దు. ఈ మార్పు ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు. అది ఉన్నవారిలో చాలామంది ఆరోగ్యంగానే జీవిస్తారు. ఆ తరువాత జరిగిన పరిశోధనల్లో, ఈ మార్పు ఉన్నవారందరికీ ప్రమాదం సమానం కాదని, కొందరిలో అదే క్రోమోజోము మీద ఉన్న మరో మార్పు అసలు ముప్పు తెస్తోందని తేలింది. శాస్త్రం ఇలాగే ముందుకు సాగుతుంది. మొదటి జవాబు తప్పనిసరిగా చివరి జవాబు కాదు.

మేనరికం లెక్క

తెలుగునాట మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడం పాతకాలం నుంచీ ఉన్న ఆచారాలు. వీటి వెనుక బంధుత్వం నిలవాలన్న ప్రేమ ఉంది. ఆ ప్రేమను తక్కువ చేయకుండానే లెక్క వేసి చూద్దాం.

నూటికి నలుగురిలో ఒక ప్రతి పాడై ఉంటే, మొత్తం ప్రతుల్లో పాడైనవి నూటికి 2, అంటే 0.02. బంధుత్వం లేని దంపతుల బిడ్డకు రెండు ప్రతులూ పాడైనవే రావడానికి అవకాశం 0.02 × 0.02 = 0.0004. అంటే 2,500 మందిలో ఒకరికి.

మేనబావ, మేనమరదళ్ళ బిడ్డకు రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి నుంచి వచ్చే అవకాశం 16లో ఒక వంతు. ఆ లెక్క కలిపితే 0.0004 × 15/16 + 0.02 × 1/16 = 0.001625. అంటే సుమారు 615 మందిలో ఒకరికి. మేనమామ, మేనకోడలు అయితే 8లో ఒక వంతు. అప్పుడు 0.0004 × 7/8 + 0.02 × 1/8 = 0.00285. అంటే సుమారు 351 మందిలో ఒకరికి.

అవకాశం నాలుగు రెట్లు, ఏడు రెట్లు పెరిగింది. ఒక ప్రతితో గడిచిపోయే జీవితం రెండు ప్రతులతో చిన్నవయసులోనే కష్టాల పాలుకావచ్చు. మన ఇళ్ళలో ఇలాంటి సంబంధాల మాట వచ్చినప్పుడు అమ్మమ్మతోనో, తాతయ్యతోనో ఈ లెక్క గురించి మర్యాదగా మాట్లాడగలగడం కూడా చదువుకు ప్రయోజనమే.

ఆటస్థలంలో గుర్తుంచుకోవలసినవి

గుండె కండరం మందమయ్యే జబ్బు యువ క్రీడాకారుల ఆకస్మిక మరణాలకు ముఖ్య కారణాల్లో ఒకటి. అందుకే ఈ కింది సంగతులను తేలికగా తీసుకోకూడదు.

పరుగెత్తుతున్నప్పుడు, ఆడుతున్నప్పుడు కళ్ళు తిరిగి పడిపోవడం. ఆటలో ఛాతీ నొప్పి రావడం. కారణం లేకుండా గుండె దడ పుట్టడం. దగ్గరి బంధువుల్లో ఎవరైనా నలభై ఏళ్ళ లోపే హఠాత్తుగా చనిపోయి ఉండటం.

వీటిలో ఏది ఉన్నా అమ్మానాన్నలకు, వ్యాయామ ఉపాధ్యాయులకు చెప్పాలి. "ఢిల్లీ ఎండకు పడిపోయాడులే" అని వదిలేయకూడదు. ఇ.సి.జి. గుండెలోని విద్యుత్ దారిని చూపిస్తుంది. ఎకో పరీక్ష కండరం మందాన్ని, కదలికను చూపిస్తుంది. రెండింటిలోనూ నొప్పి ఉండదు. ఇంట్లో ఒకరికి ఇలాంటి జబ్బు బయటపడితే తోబుట్టువులను, తల్లిదండ్రులను కూడా పరీక్షించాలి. అలా ముందుగా తెలుసుకున్నవారికి మందులు, ఆటల్లో జాగ్రత్తలు, అవసరమైతే లయను సరిదిద్దే పరికరం అందుబాటులో ఉన్నాయి.

ఎవరైనా మీ కళ్ళముందు కుప్పకూలి, పిలిచినా పలకక, సరిగా శ్వాస తీసుకోకపోతే 112కు ఫోను చేయమని ఒకరికి చెప్పండి. మీరు వెంటనే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్ల లోతుకు దిగేలా గట్టిగా నొక్కుతూ ఉండండి. సహాయం వచ్చేదాకా ఆపవద్దు.

రేపటి దారి

గాయపడిన గుండె తిరిగి పెరగదా? మనిషి గుండె కండర కణాలు పాతికేళ్ళ వయసులో ఏడాదికి నూటికి ఒకటి చొప్పున మాత్రమే కొత్తవి వస్తాయి, ముసలితనంలో ఇంకా తక్కువ. కానీ మన గంగానది పరివాహక ప్రాంతపు నీళ్ళలో తిరిగే చిన్న చారల చేప, జీబ్రాఫిష్, గుండెలో ఐదో వంతు కత్తిరించినా తిరిగి పెంచుకుంటుందని 2002లో తెలిసింది. దాని పిండం అద్దంలా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపల గుండె కొట్టుకోవడం సూక్ష్మదర్శినిలో నేరుగా చూడవచ్చు. ఢిల్లీలోని ఐ.జి.ఐ.బి. శాస్త్రవేత్తలు ఈ చేప జన్యువుల మీద ఎంతో పనిచేశారు.

ఇంకో ఆశ కూడా ఉంది. 2013లో నిధి కపూర్, ఆమె సహచరులు టి.బి.ఎక్స్. 18 అనే ఒక్క జన్యువును మామూలు గుండె కండర కణాల్లో ప్రవేశపెట్టి, వాటిని లయ పుట్టించే కణాలుగా మార్చగలిగారు. మరుసటి ఏడు పందుల్లోనూ ఈ పద్ధతి కొంతకాలం పనిచేసింది. బ్యాటరీ పేస్‌మేకర్ బదులు గుండెలోనే కణాలతో లయారంభకం తయారుచేయవచ్చన్న ఆలోచనకు ఇది పునాది. మనుషులకు అందాలంటే ఇంకా చాలా పని మిగిలి ఉంది. ఆ పని చేయవలసినవారు ఇప్పుడు బడుల్లో చదువుకుంటున్నారు. మన వసంత్ కుంజ్ పక్కనే, అరుణా అసఫ్ అలీ మార్గ్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థలు మూడు ఉన్నాయి. వాటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఒకసారి తలెత్తి ఆ బోర్డులు చదవండి.

కొత్త మాటలు

లయారంభకం: గుండెలో విద్యుత్ తరంగం పుట్టే కణుపు.
అనులేఖన కారకం: జన్యువును చదివించే లేదా చదవకుండా ఆపే ప్రోటీను.
బహిర్గత లక్షణం: ఒక ప్రతి ఉన్నా బయటపడే లక్షణం.
ఉత్పరివర్తనం: డి.ఎన్.ఎ. అక్షరాల్లో వచ్చే మార్పు.

ఆలోచించండి, చేయండి

1. మార్పిడి చేసిన గుండె నాడులు లేకుండానే ఎలా కొట్టుకుంటుంది? రెండు వాక్యాల్లో రాయండి.
2. కర్ణికాజఠరికా కణుపులో ఆలస్యం లేకపోతే ఏమవుతుంది?
3. టి.బి.ఎక్స్. 3 పని, టి.బి.ఎక్స్. 5 పని మధ్య తేడా చెప్పండి.
4. తల్లిదండ్రులిద్దరిలోనూ 25 అక్షరాల లోపం ఒక్కో ప్రతిలో ఉంటే, బిడ్డకు రెండు ప్రతులూ పాడైనవి వచ్చే అవకాశం ఎంత? పనెట్ చదరం గీసి చూపండి.
5. కూర్చుని ఒక నిమిషం, మెట్లు ఎక్కి దిగి ఒక నిమిషం మీ నాడిని లెక్కపెట్టండి. తేడాను కలిగించింది లయారంభకమా, దానికి వచ్చే నాడులా? మీ జవాబుకు కారణం రాయండి.
6. మీ తాతముత్తాతల వరకు గుండె జబ్బులున్నవారి వివరాలు పెద్దలను అడిగి ఒక వంశవృక్షం గీయండి. దాన్ని ఇంట్లోనే భద్రంగా ఉంచుకోండి. వైద్యుడి దగ్గరకు వెళ్ళినప్పుడు పనికివస్తుంది.